మూడో పెట్టె టక్కుమనలేదు

నేను ఒక డ్రాగన్ రైలుని. ఎగ్జిబిషన్లలో జెయింట్ వీలు పక్కన, వంకర తిరిగిన పట్టాల మీద మెల్లగా గుట్ట ఎక్కి, దభీమని కిందికి దిగే బండి ఒకటి ఉంటుంది చూశారూ, అది నేనే. ఇంగ్లీషు బళ్లో చదివే పిల్లలు రోలర్ కోస్టర్ అంటారు. మిగతావాళ్లు పాము రైలంటారు, మొసలి రైలంటారు. మండపేటలో ఒక ముసలాయనైతే నన్ను చాలాసేపు పరీక్షగా చూసి, "గొర్రె బాగుందిరా" అని మనవడితో అన్నాడు. నేనేమీ అనుకోలేదు. తప్పు ఆయనది కాదు, నా మొహానిది.

నా మొహం చేసినాయన ఏడాది పొడుగునా వినాయకుడి బొమ్మలు చేసేవాడు. డ్రాగన్ని ఆయన ఏనాడూ చూడలేదు. ఎవరో ఫోనులో ఫొటో చూపించి, ఇలా కావాలన్నారు. కోరలు పెట్టాడు, ఎర్రటి నాలుక పెట్టాడు, తల మీద కొమ్ములు కూడా నిలబెట్టాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి అలవాటైన దారిలోనే పోయింది. పెద్ద పెద్ద కళ్లు, చల్లని చూపు, పైన ఒత్తుగా రెప్పలు. అలాంటి కళ్లతో పుట్టినందుకేనేమో, నాకు భయపెట్టడం చేతకాలేదు. భయపడటమే వచ్చింది.

నవ్వకండి. పరాయివాళ్ల పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాళ్లకి ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? ఒకడు చెయ్యి బయటపెడతాడు. ఒకతి చున్నీ చక్రం వైపు వేలాడేసుకుంటుంది. ఇంకొకడికి గుట్ట మీదికి వెళ్లాకే లేచి నిలబడాలనిపిస్తుంది. కంచె అవతల వాళ్ల నాన్న ఫోను చూసుకుంటూ, తల ఎత్తకుండా చెయ్యి ఊపుతుంటాడు. ఏ బోల్టో ఊడితే? గుట్ట ఎక్కుతుండగా కరెంటు పోతే? ఆకాశంలో చిన్న మబ్బు కనిపించినా, తడిస్తే పట్టా జారుతుందేమోనని నా గుండె పీచుపీచుమంటుంది. పిల్లలేమో ఇంకా గట్టిగా తిప్పమని గోల.

నన్ను ధవళేశ్వరం దారిలో ఒక వెల్డింగ్ షెడ్డులో చేశారు. నాకు తల కాక ఐదు పెట్టెలు. ప్రతి పెట్టెకీ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. పిల్లలు కూర్చున్నాక కడ్డీని ఒళ్లోకి దించితే, పక్కనున్న కొక్కెం దాన్ని పట్టుకోవాలి. అదే పిల్లలకి ప్రాణాధారం. నాలుగు పెట్టెలకి కొక్కేలు చక్కగా కుదిరాయి. మూడో పెట్టెది మిగిలుండగా ఆయుధపూజ వచ్చింది. పూజ వేళ అవుతోంది, పనిముట్లన్నీ తుడిచి తెమ్మని షెడ్డు యజమాని కేకలు. వెల్డరు ఆ తొందరలో కొక్కేన్ని అతికించేసి, పనిముట్లకి పసుపూ కుంకుమా పెట్టి పీట మీదికి చేర్చేశాడు. పీట ఎక్కిన పనిముట్టుని మర్నాటి దాకా ముట్టుకోకూడదు. మర్నాడు తెల్లవారేసరికి నన్ను తీసుకుపోవడానికి లారీ వచ్చి నిలబడింది. కొక్కెం వెంట్రుకవాసి పక్కకి ఉండిపోయింది. నాకు గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, హారతిచ్చి సాగనంపారు. పూజకి మాత్రం ఏ లోటూ జరగలేదు.

నన్ను కొన్నది రాజుగారు. ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టే మనిషి. చెడ్డవాడని చెప్పను. తిరిగే దాన్ని దేన్నీ ఆపడం ఇష్టం ఉండేది కాదు, అంతే. మొదట్లో నన్ను తిప్పిన ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా నాకు గుర్తులేవు. వాళ్లకీ నేను గుర్తుండను. తర్వాత గౌరునాయుడు వచ్చాడు.

బొబ్బిలి దగ్గర పల్లె అతనిది. వచ్చిన మొదటి రోజే నా చుట్టూ తిరిగి, ప్రతి కడ్డీనీ దించి, ఎత్తి, మళ్లీ దించి చూశాడు. మూడో పెట్టె దగ్గర ఆగాడు. కడ్డీ కిందికి దిగింది గానీ కొక్కెం పూర్తిగా పట్టలేదు. పట్టినట్టు కనిపిస్తుంది, అంతే. చేతిలో ఉన్న స్పానరుతో కొక్కెం నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. టక్, టక్. అప్పుడు పట్టింది.

రాజుగారి దగ్గరికి వెళ్లి చెప్పాడు. "బాబూ, మూడో పెట్టె కొక్కెం తీసి మల్లా అతికించాల. ఒక్క పూట పని."

"ఒక్క పూట బండి ఆపితే ఎలాగరా? నువ్వున్నావుగా కొట్టడానికి," అన్నారు రాజుగారు.

ఆ రోజునుంచీ ప్రతి రౌండుకి ముందూ గౌరునాయుడు స్పానరు పట్టుకుని నా పక్కనే నడిచేవాడు. మూడో పెట్టెను ఒక్కదాన్నే కొడితే జనం బెదురుతారని అన్నింటినీ కొట్టేవాడు. టక్ టక్, టక్ టక్. ఆ చప్పుడు చివరి పెట్టె దాకా వెళ్లాకే నన్ను కదిలించే మీట దగ్గరికి పోయేవాడు. మీటను కూడా నిద్రపోతున్న పిల్లని మంచం మీదికి దించినట్టు మెల్లగా తోసేవాడు. అతను ఉన్నన్నాళ్లూ నేను కాస్త స్థిమితంగా తిరిగాను. నన్ను డ్రాగనమ్మా అని పిలిచేవాడు. ఇంకెవరూ నన్ను అలా పిలవలేదు.

ఆ ఎండాకాలం తునిలో మకాం. నా కంచె పక్కనే నూకరత్నం అనే ఆవిడ మసాలా బఠాణీ బండి పెట్టుకుంది. ఆవిడ కూతురు ఇందు. ఒకటో తరగతి అయిపోయి సెలవులకి తల్లి వెంట వచ్చేది. సన్నటి పిల్ల. గాలేస్తే ఎగిరిపోయేట్టు ఉంటుంది. రోజంతా కంచె పట్టుకుని నా మొహంకేసి చూస్తూ నిలబడేది. ఎక్కుతానంటే తల్లి ఎక్కనిచ్చేది కాదు.

నూకరత్నాన్ని చూశాక నాకు తోబుట్టువు దొరికినట్టయింది. నా కడుపులో తిరిగే భయాలన్నీ ఆవిడ నోటితో అడిగేది.

"ఏమయ్యా తమ్ముడూ, ఇది పట్టా తప్పదు కదా?"

"తప్పదప్పా."

"తప్పితే?"

"తప్పదంతన్నాను గదా."

"షాక్ కొట్టదా? ఇనుము కదా మరి. పైన ఉండగా కరెంటు పోతే పిల్లలు పైనే ఉండిపోరా? అసలు ఆ గొర్రె తల ఊడి వెనక పిల్లల మీద పడితే?"

"ఓలప్పా! అది గొర్రి కాదు, డ్రాగను. నీ పిల్లనేటి నాను మింగేత్తానా?"

ఇలా వారం పైన గడిచింది. ఆవిడ బఠాణీలు కలుపుతూనే అతని పని గమనిస్తూ ఉండేది. ఒక సాయంత్రం చేతులు తుడుచుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"నీ రైలు మీద నాకు నమ్మకం లేదు తమ్ముడూ. కొడతావు చూడూ, ఆ టక్ టక్, దాని మీదే నమ్మకం. ఇదిగో, పిల్ల."

ఇందు మూడో పెట్టెలో కూర్చుంది. మిగతా చోట్లు నిండిపోయాయి మరి. కడ్డీకీ ఆ పిల్ల పొట్టకీ మధ్య ఇంకో పిల్ల పట్టేంత ఖాళీ. గౌరునాయుడు మామూలుగా రెండు దెబ్బలు వేసి, ఏమనుకున్నాడో ఇంకొకటి వేశాడు. నూకరత్నం కళ్లు మూసుకుని నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. నేనూ నా రెప్పలు మూసుకునేదాన్నే, మూసుకునే వీలుంటే. ఏమీ కాలేదు. పిల్ల దిగి, "అమ్మా, కడుపులో చక్కిలిగిలి పెట్టింది" అంది.

అప్పటినుంచి రోజూ ఒక రౌండు. కొన్నాళ్లకి నూకరత్నం కంచె దాకా రావడం మానేసింది. బండి దగ్గరే ఉండి చెవి ఇటు పడేసేది. టక్ టక్ వినబడితే మళ్లీ గరిటె ఆడేది.

అప్పుడే గౌరునాయుడికి కూతురు పుట్టింది. భార్య పుట్టింట్లో ఉంది. కబురు తెలిసిన రోజు మైదానంలో కనిపించినవాడికల్లా బెల్లం ముక్క పెట్టాడు. నాక్కూడా నాలుక మీద ఒకటి పెట్టాడు. చీమలు పట్టాయి. పిల్లకి తన తల్లి పేరు, పైడమ్మ అని పెట్టాలని అతని కోరిక. తల్లి పోయినప్పుడు అతను ఎక్కడో ఎగ్జిబిషన్లో ఉన్నాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ పేరైనా ఇంట్లో తిరగాలని అనుకున్నాడు. బారసాల ఇంకా జరగకముందే ఎర్ర రంగు తెచ్చి నా చెవి వెనక 'పైడమ్మ' అని రాసుకున్నాడు.

బారసాల ఆదివారం వచ్చింది. పళ్లెంలో బియ్యం పోసి, అందులో తండ్రి వేలితో పిల్ల పేరు రాయాలి. పది రోజుల ముందే అడిగితే రాజుగారు సరేనన్నారు. తీరా సంచి సర్దుకుని వెళ్తే మాట మార్చారు.

"ఆదివారం రా గౌరూ. జనం విరగబడతారు. ఆ మూడో పెట్టె సంగతి నీకు తప్ప ఎవడికి తెలుసు? నీ అంత జాగ్రత్తగా ఎవడు తిప్పుతాడు చెప్పు? వచ్చే వారం వెళ్దువుగానిలే."

"వచ్చే వారం దాకా బారసాల ఆగుద్దా బాబూ?"

"వీడియో కాల్ పెట్టమను. ఇప్పుడందరూ అదేగా చేస్తున్నారు."

ఆదివారం మధ్యాహ్నం నా నీడలో కూర్చుని ఫోను చూశాడు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. బియ్యప్పళ్లెం కనిపించింది. దాని మీద ఎవరిదో వేలు కనిపించింది. ఆ వేలు బావమరిదిది.

"బావా, పేరు రాసీసాం. రిత్విక."

"రిత్... ఏటి?"

"రిత్విక. మా అప్పే ఎంచింది. పైడమ్మంటే రేపు బళ్లో అందరూ నవ్వుతారు బావా. నువ్వుంటే నువ్వే రాద్దువు. నేవు గదా మరి."

ఫోను పెట్టేసి చాలాసేపు నా చెవి వెనక రాసుకున్న పేరునే చూశాడు. తర్వాత నాతో అన్నాడు, "సూసినావా డ్రాగనమ్మా. జాగర్తగా తిప్పినందుకే నాకీ గతి. ఎదవలా తిప్పుంటే ఎప్పుడో పొమ్మందురు. సరే. ఈ రోజు ఎదవలాగే తిప్పుతాను."

ఆ మాట వినగానే నా పట్టాలన్నీ చల్లబడ్డాయి. సాయంత్రమైంది. లైట్లు వెలిగాయి. మైకులో పాటలు మొదలయ్యాయి. పిల్లలు ఎక్కారు. గౌరునాయుడి స్పానరు పెట్టె కింద పడి ఉంది. అతను దానివైపు చూడలేదు. కడ్డీలు దించారో లేదో చూడలేదు. మీటను ఒక్క తోపు తోశాడు.

నేను ఎప్పుడూ పోని వేగంతో పోయాను. మలుపులో నా చక్రాలు కీచుమన్నాయి. గుట్ట మీంచి దిగేటప్పుడు నా తల నిజంగానే ఊడిపోతుందనుకున్నాను. పిల్లలు అరిచారు. నా బతుకులో పెద్ద బాధ అదే, నా దగ్గర కేకకి విలువ లేదు. సంతోషానికీ అరుస్తారు, ప్రాణభయానికీ అరుస్తారు, కింద ఉన్నవాళ్లు రెండింటికీ చప్పట్లు కొడతారు. టికెట్ల దగ్గర వరస ఇంకా పెరిగింది. రాజుగారు కుర్చీలోంచి చూసి, "ఇవాళ గౌరుగాడు మంచి ఊపు మీదున్నాడు" అని మురిసిపోయారు.

మొదటి రౌండ్లలో మూడో పెట్టెలో ఎక్కినవాళ్లు పెద్ద కుర్రాళ్లు. కడ్డీ వాళ్ల పొట్టలకే ఆగింది. ఆ రౌండ్లకి టక్ టక్ లేదన్న సంగతి నూకరత్నానికీ తట్టలేదు. తన పిల్ల ఎక్కనప్పుడు ఆవిడ చెవులు మూకుడు మీదే ఉంటాయి. నేను తప్పు పట్టను. తల్లులందరూ అంతే.

అప్పుడు ఇందు వచ్చింది. అలవాటుగా మూడో పెట్టెలోకి ఎక్కింది. తనే రెండు చేతులా కడ్డీ దించుకుంది. గౌరునాయుడికేసి తిరిగి, "మావయ్యా, టక్కు కొట్టలేదు" అంది. మైకు హోరులో అతనికి వినపడలేదు. వినాలని కూడా అతనికి లేదు. మీట తోశాడు.

నేను కదిలాను. ఆపలేను కదా. ఎవరైనా తోస్తే పోవడమే నా పని. ఆ పిల్ల పక్కన కొక్కెం కడ్డీని పట్టకుండా ఊరికే ఆడుతోంది. మొదటి మలుపులోనే పిల్ల ఇటునుంచి అటు జారింది.

అంత గోలలోనూ, బఠాణీ బండి దగ్గర గరిటె ఆగిపోయింది. నూకరత్నం చప్పుడు విని రాలేదు. చప్పుడు వినపడక వచ్చింది. చేతిలో ప్లేటు ఎక్కడ పడిందో కూడా తెలియదు. కంచె దూకి మీట దగ్గరికి పరుగెత్తింది.

గౌరునాయుడు ఆవిడ వైపు చూడలేదు. మొహం గంటు పెట్టుకుని మీట పట్టుకుని ఉన్నాడు. ఆవిడ తిట్టలేదు, అరవలేదు. అతని చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, టక్కుమనలేదు. మూడో పెట్టె టక్కుమనలేదయ్యా. నా పిల్ల ఉంది అందులో" అంది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఎదవలా తిప్పాలని అనుకున్నాడే గానీ, దానికి ఇలాంటి మొహం ఉంటుందని అనుకోలేదు పాపం.

మీట లాగేయొచ్చు కదా అంటారు. నేనప్పుడు గుట్ట ఎక్కుతున్నాను. అక్కడ ఒక్కసారిగా కరెంటు ఆపితే వెనక్కి దొర్లిపోతాను. వెనక పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అది అతనికి తెలుసు. దిగిన వేగంలో ఆపేసినా కడ్డీ పట్టని పిల్ల ముందుకి ఎగిరిపడుతుంది. నేను గుట్ట దిగి, ప్లాట్‌ఫాం పక్కనుంచి పోతుండగా ఎవరైనా ఎక్కి పిల్లని పట్టుకుని, ఇంకోసారి గుట్ట ఎక్కి దిగితేగానీ నన్ను ఆపడం కుదరదు.

"అప్పా, ఈ మీట అట్టుకో."

"నేనా? అమ్మో! షాకు..."

"కొట్టదు. కదపకు. ఈ రౌండు తిరిగొచ్చి నాను సెయ్యెత్తగానే మెల్లగా కిందికి దించు. పసిపిల్లని దించినట్టు దించు. అట్టుకో అప్పా!"

ఇంట్లో స్విచ్చు వేయడానికి కూడా చెప్పు తొడుక్కునే మనిషి ఆవిడ. కళ్లు మూసుకోలేదు. రెండు చేతులా మీట పట్టుకుంది.

నేను గుట్ట దిగి ప్లాట్‌ఫాం మీదికి దూసుకొస్తున్నాను. గౌరునాయుడు నా పక్కన పరుగు తీశాడు. మూడో పెట్టె అంచు అందుకుని ఎగిరి మెట్టు మీద నిలబడ్డాడు. పిల్ల మీదికి వంగి కడ్డీని ఛాతీతో నొక్కి పట్టాడు. మలుపు దగ్గర ట్యూబులైటు స్తంభం ఉంది. అది అతని భుజానికి తగిలింది. ఆ దెబ్బ నాకూ తెలిసింది. అతను వదల్లేదు. గుట్ట ఎక్కాం. పైన క్షణకాలం అంతా ఆగినట్టుంటుంది. తుని లైట్లన్నీ కింద కనిపిస్తాయి. ఆ క్షణంలో అతను పిల్లతో అంటున్నాడు, "ఏటీ నేదమ్మా, ఏటీ నేదు. నానున్నాను గదా." అది ఇందుతోనే అన్నాడో, ఇంకా చూడని ఇంకో పిల్లతో అన్నాడో నాకు తెలియదు. ఆ మాట నాకు మాత్రం చాలింది.

కిందికి దిగాం. బాగున్న చెయ్యి ఎత్తాడు. నూకరత్నం మీటను దించింది. అంత మెల్లగా నన్ను ఎవరూ, గౌరునాయుడు కూడా, ఎప్పుడూ ఆపలేదు.

పిల్ల దిగింది. తల్లి మొహం చూసి, అతని భుజం మీద నెత్తురు చూసి కూడా, "అమ్మా, ఇంకో రౌండు" అంది. నూకరత్నం పిల్లని చంకనేసుకుని, గౌరునాయుడి చెంప ఛెళ్లుమనిపించింది. అదే చేత్తో చెంగు తీసి అతని భుజానికి అదిమి పట్టింది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

రాజుగారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటిది? బండి ఆపేశారేంటి? జనం ఉన్నారక్కడ!"

"ఆ మూడో పెట్టెలో మీరెక్కి కూర్చోండి రాజుగారూ," అంది నూకరత్నం. "కొక్కెం పట్టదు. నేను తిప్పుతాను. ఇప్పుడే నేర్చుకున్నాను."

రాజుగారు ఎక్కలేదు. వరసలో నిలబడిన తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి ఆ కొక్కేన్ని వేలితో కదిపి చూశారు. ఆ తర్వాత పిల్లల చేతులు పట్టుకుని వరసలోంచి బయటికి నడిచారు. నూకరత్నం గౌరునాయుడి వైపు తిరిగి, "చేసిందానికి నిన్ను క్షమించానని అనుకోకు. ముందు ఆ భుజానికి కట్టు కట్టించుకుని ఊరెళ్లు. నీ పిల్లని ఎత్తుకుని చూసుకుంటే, పిల్లలంటే ఏమిటో నీకే తెలుస్తుంది" అంది. గౌరునాయుడు ఆ రాత్రే విజయనగరం బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం తన బఠాణీ బండిని తీసుకొచ్చి నా గేటుకి అడ్డంగా పెట్టి కూర్చుంది. వెల్డరు వచ్చేదాకా తియ్యలేదు. కొక్కెం తీసి, సరిచేసి, మళ్లీ అతికించడానికి నిజంగానే ఒక్క పూట పట్టింది. ఈసారి పూజ ఎవరూ చెయ్యలేదు. కడ్డీ దించగానే దానంతటదే పట్టింది.

గౌరునాయుడు తిరిగొచ్చేసరికి మకాం ఎత్తేసే రోజులు. ఇక కొట్టాల్సిన పని లేదు. అయినా స్పానరుతో నా పక్కన నడిచాడు. ఆ రోజు ఎర్ర రంగు తెచ్చి, నా చెవి వెనక 'పైడమ్మ' పక్కన 'రిత్విక' అని రాశాడు. వంకరగా వచ్చింది. 'త్వి' దగ్గర రెండుసార్లు తుడిచాడు. బియ్యప్పళ్లెం అతనికి అందలేదు గానీ, నేను అందాను.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. నాకంటే ఎత్తయినవి, తలకిందులుగా తిప్పేవి వచ్చాయి. నా కళ్లు చూసి భయపడే పిల్లలు ముందూ లేరు, తర్వాతా లేరు. చివరికి నా పెట్టెలు విజయనగరంలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టుకి చేరాయి. నా తల ఎటు పోయిందో తెలియదు. ఏ వినాయకుడి మండపంలోనైనా నిలబెట్టి ఉంటే, అక్కడ సరిగ్గా ఇమిడిపోయి ఉంటుంది.

నాలో ఇప్పుడు మిగిలింది మూడో పెట్టె ఒక్కటే. బొబ్బిలి బస్టాండు వెనక, గౌరునాయుడి ఇడ్లీ బండి పక్కన, ఇటుకల మీద కూర్చుని ఉన్నాను. చక్రాలు లేవు. కడ్డీ లేదు. కొక్కెం ఉన్న చోట ఒక గీత మాత్రం ఉంది. ఎడమ భుజం కాస్త వాలిపోయిన ఆ మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చి బండి మీద వేసుకుని తెచ్చుకున్నాడు. తినడానికి వచ్చినవాళ్లు నాలో కూర్చుంటారు. సాయంత్రం బడి విడిచాక ఒక పిల్ల వచ్చి సంచి పడేసి ఎక్కుతుంది.

"పైడీ, కాళ్లు లోపలెట్టు."

"నా పేరు రిత్విక నాన్నా. ఎన్నిసార్లు చెప్పాల?"

"అదీ నువ్వే, ఇదీ నువ్వే. కాళ్లు లోపలెట్టు."

ప్లేటు చేతికిచ్చి వెనక్కి తిరగబోతూ, గరిటె కాడతో నా అంచు మీద రెండు దెబ్బలు వేస్తాడు. టక్, టక్. ఎందుకో ఆ పిల్ల అడగదు, అతను చెప్పడు. నేను కదలనని ముగ్గురికీ తెలుసు. అయినా ఆ చప్పుడు వినేదాకా నాకు ఊపిరాడదు.

విన్నాక ఇక భయం లేదు. సాంబారొక్కటే. మరీ వేడిగా పోస్తాడు, పిల్ల ఒళ్లో ఒలకబోసుకుంటుందేమోనని.